తనను తాను కడుక్కునే పొయ్యి

ఆ పొయ్యి మా ఇంటికి రాలేదు. మా అత్త వంట చేసే ఇంజనీరు గారి బంగళాకు వచ్చింది. కృష్ణ మీద ప్రాజెక్టు కడుతున్న రోజులవి. నల్లగొండ జిల్లా గుట్టల మధ్య ఆఫీసర్ల కాలనీ ఒకటి లేచింది. కేతేపల్లి దిక్కున మాకున్న గొర్ల మంద రోగమొచ్చి ఊడ్చుకుపోతే, పొట్ట చేత పట్టుకుని మేము ముగ్గురం అక్కడికి చేరాం. నా పెనిమిటి రాళ్ల పనికి పోయేవాడు. అత్త బంగళాలో వండేది. నేను అంట్లు తోమి, బట్టలు ఉతికేదాన్ని. బంగళా వెనక మాకొక అర్ర ఇచ్చారు. అత్త కొలువు ఉన్నన్నాళ్లే ఆ అర్ర మాది.

ఇంజనీరు గారు ఏదో శిక్షణకని అమెరికా పోయి వచ్చారు. అక్కడ ఏం నేర్చుకున్నారో ఆయనకే తెలియాలి గానీ, వచ్చేటప్పుడు ఒక పొయ్యిని మాత్రం తెచ్చుకున్నారు. చెక్కపెట్టెలో లారీ మీద వచ్చింది. దింపడానికి ఆరుగురు పట్టారు. తెల్లగా, నా నడుమెత్తు ఉంది. పైన నాలుగు ఇనుప చుట్టలు, కింద తలుపున్న అర, ఆ తలుపుకొక గడియ, ముందర రేడియోకున్నట్టు తిప్పే గుండీలు. కరెంటుతో నడిచే పొయ్యి. కాలనీ ఆడవాళ్లంతా పెళ్లికూతుర్ని చూడవచ్చినట్టు వచ్చి, ముట్టుకుని, ముక్కు మీద వేలేసుకుని పోయారు.

అమ్మగారు కోస్తా మనిషి. మా మాట వింటే ఆమెకు పగలబడి నవ్వొచ్చేది. గిన్నెలో కూర ఉందని చెప్పడానికి అత్త "గిన్నెల కూర ఉన్నదమ్మా" అంటే, "గిన్నెల కూరా? గిన్నెలు కూడా వండేస్తారా మీరు!" అని పక్కింటావిడకు చెప్పి మరీ నవ్వేది. ఆ పొయ్యి ముందు మమ్మల్ని నిలబెట్టి ఒక ఉపన్యాసం ఇచ్చింది.

"ఇది మీ పొయ్యిలాంటిది కాదు. దానంతటదే వండుతుంది. వండాక తనను తానే కడుక్కుంటుంది. ఆదివారం పెద్ద ఇంజనీరు గారు భోజనానికొస్తున్నారు. ఆ వంట ఇందులో నేనే చేస్తాను. అది కుదిరిందా, సోమవారం నుంచి ఇక వంటమనిషితో పనేముంది? మీరు ఊరెళ్లిపోవచ్చు."

అత్త వెనక్కి వచ్చాక నాతో, "ఊరికి పోయి ఏం మేపుదామే? మట్టినా?" అంది.

మర్నాడు పొద్దున్నే అత్త తన ధర్మం తాను చేసింది. అలకని పొయ్యిలో మంట పెడితే ఇంటికి అరిష్టమని పుట్టినప్పటి నుంచి నమ్మిన మనిషి. ఎర్రమన్ను కలిపి, తెల్లటి అమెరికా పొయ్యిని నాలుగు పక్కలా నున్నగా అలికింది. మీద ముగ్గు వేసింది. కుంకుమ బొట్లు పెట్టింది. పైనున్న ఇనుప చుట్టకూ తడిగుడ్డ పెట్టబోయేసరికి చెయ్యి జివ్వుమని, "వామ్మో! కరుస్తాంది గిది!" అని రెండడుగులు ఎగిరి పడింది. అమ్మగారొచ్చి చూసింది. ఇక చెప్పాలా? దేవుడి గదిలో కుక్క దూరినంత గోల చేసింది. ఆ మన్నంతా కడిగి తుడవడానికి నాకు మధ్యాహ్నం దాకా పట్టింది. ఆనాటి నుంచి అత్త ఆ పొయ్యిని ముట్టుకోవాలంటే ముందు గోడకున్న మెయిన్ స్విచ్చి కట్టేసేది, కొంగుకు చేతులు తుడుచుకునేది, చెక్కపీట మీద నిలబడేది. ఒక్కసారి కరిస్తే చాలు, అత్తకు బుద్ధి వచ్చేది. అందరికీ అట్లా రాదు కదా.

ఆ పొయ్యితో పాటు ఒక పుస్తకం కూడా వచ్చింది. దాన్ని ఎలా వాడాలో, ఎలా చూసుకోవాలో అందులో రాసి ఉంది. ఇంజనీరు గారికి చదివే తీరిక లేదు. అమ్మగారికి ఇంగ్లీషు రాదు, రాదని చెప్పుకునే అలవాటు అంతకన్నా లేదు. అందుకని ఆ పుస్తకాన్ని పట్టుచీరల మధ్య పెట్టి ట్రంకుపెట్టెకు తాళం వేసింది. చీరలు ఎండబెట్టమని నాకిచ్చిన రోజున అది నా కంట పడింది. నేను మోత్కూర్‌లో మేనమామ ఇంట్లో ఉండి ఎనిమిది దాకా చదివాను. కూడబలుక్కుని చదవడం వచ్చు. వెనక అరుగు మీద చీరలకు కాపలా కూర్చుని, రెండు మధ్యాహ్నాలు ఆ పుస్తకాన్ని నమిలి మింగాను.

అందులో ఉన్నదంతా మా అత్త చెప్పే మాటల్లాగే ఉంది. గుండీని ఆఖరున ఉన్న కడుక్కునే గుర్తుకు తిప్పే ముందు లోపల గిన్నె గానీ కూడు గానీ ఉండొద్దట. ఒలికిన నూనె, కొవ్వు ముందే తుడిచెయ్యాలట. కిటికీలు తీసి ఉంచాలట. లోపల నిప్పులకొలిమంత వేడి పుడుతుంది గనక, గడియ వేశాక చల్లారేదాకా తలుపు రాదు. దాన్ని బలవంతంగా గుంజొద్దు. చివరికి మిగిలిన బూడిదను తడిగుడ్డతో తుడుచుకోవాలి. బొమ్మలో ఆ గుడ్డ పట్టుకుని ఒక ఆడది నవ్వుతూ నిలబడి ఉంది. అంటే తనను తాను కడుక్కునే పొయ్యికి కూడా ఆఖరున తుడిచే ఆడది కావాలన్నమాట. ఇంతోటి దానికి అమెరికా దాకా పోవాలా?

పోయి అమ్మగారికి చెప్పాను. "అమ్మా, ఆ గుండీ మీది చివరి గుర్తు వంటకు కాదంట, పుస్తకంల..." అనేలోపే ఆమె పకపకా నవ్వింది.

"తెలుగే సరిగ్గా రాదు, నువ్వు నాకు ఇంగ్లీషు చెప్తావటే?"

ఆ సాయంత్రం పక్కింటి అరుగు మీద నలుగురిలో నా మాటను నాలాగే పలికి చూపించి నవ్వించింది. నాకు ఒళ్లు మండింది. సరే తల్లీ, ఇక నీకూ నీ పొయ్యికీ నా నోట మాట రాదు అనుకున్నాను.

ఆదివారం వచ్చింది. పొట్టేలును అత్తే ఏరి తెచ్చింది, గొర్రెను చూస్తే దాని జాతకం చెప్పగల మనిషి. తొడ అమ్మగారి రోస్టుకు పోయింది. తలకాయ, బోటి, కాళ్లు అత్త ముందుకు తోసి, "ఆ చెత్త మీరు వండుకోండి" అంది అమ్మగారు. చెత్తట! తలకాయను చెత్త అన్నవాళ్లను నేను మళ్లీ చూడలేదు.

అమ్మగారు తొడకు మసాలా పట్టించి, గిన్నెడు నెయ్యి పోసి, అరలో పెట్టింది. ఆవిరి బయటికి పోకూడదని తలుపుకు గడియ బిగించింది. గుండీని తిప్పుతూ తిప్పుతూ అన్ని గుర్తులూ దాటించి ఆఖరి దాని మీద ఆపింది. ఎక్కువ ఉంటే ఎక్కువ రుచి అనుకుందో ఏమో. ఆ ఆఖరి గుర్తు కడుక్కునేది. నేను గుమ్మంలోనే ఉన్నాను. కళ్లారా చూశాను. నోరు మూసుకున్నాను. ఎందుకు దాచాలి, లోపల సంబరంగా కూడా ఉంది.

ముప్పావు గంటకు పొగ మొదలైంది. ముందు సన్నగా, తర్వాత నల్లగా, ఇల్లంతా. లోపల నెయ్యి, కొవ్వు చిటపటలాడుతున్నాయి. ఇంజనీరు గారు పరుగెత్తుకొచ్చి తలుపు గుంజారు. రాలేదు. కృష్ణనే ఆపుతున్న మనిషికి ఒక పొయ్యి తలుపు రాలేదు! "గడ్డపార తెండి!" అని అరిచారు. అమ్మగారు గిర్రున తిరిగి అత్త మీద పడింది.

"నువ్వు మట్టి పూసినందుకే చెడింది! అంతా నీవల్లే! ఇవాళే ఆ గది ఖాళీ చెయ్యండి!"

అత్త చేతులు కొంగులో చుట్టుకుని నిలబడిపోయింది. అప్పుడు చెంపదెబ్బ తగిలినట్టయింది నాకు. నా రోషం అమ్మగారి రోస్టును కాల్చితే కాల్చింది గానీ, ఇప్పుడు మా అత్త కూటినే కాలుస్తోంది. అప్పటికే గడ్డపార వచ్చింది.

"తెరవొద్దు సార్!" అని గావుకేక పెట్టాను. "ఇప్పుడు తెరిస్తే లోపలి మంట మీ మొకం మీదికొస్తది! పుస్తకంల రాసున్నది! ముందు కరెంటు బంద్ చెయ్యాలె!"

ఇంజనీరు గారు గడ్డపార పట్టుకుని బొమ్మలా నిలబడ్డారు. మెయిన్ ఎక్కడుందో ఆయనకు గుర్తు రాలేదు. అత్తకు గుర్తుంది. చేతులు తుడుచుకుంది, పీట లాక్కుంది, ఎక్కి టక్కున కట్టేసింది.

"ఇగ దాని జోలికి పోకుండ్రి. సల్లారినంక అదే వస్తది," అంది. తర్వాత గడియారం దిక్కు చూసి నాతో, "నిలబడి ఏం జూస్తున్నవే? జొన్నపిండి పిసుకు, పా" అంది.

వెనక పెరట్లో మా మూడు రాళ్ల పొయ్యి ఉంది. పొద్దున అలికిందే. దాని మీద మా పాలికి వచ్చిన తలకాయ, బోటి ఎక్కాయి. అత్త ఎండు కొబ్బరి, గసాలు నూరింది. నేను రొట్టెలు కొట్టాను. ఒంటి గంటకు పెద్ద ఇంజనీరు గారు రానే వచ్చారు. బంగళాలో ఇంకా పొగ వాసన పోలేదు.

"ఏంది అమ్మా, ఏదన్న కాలిందా?" అన్నారాయన. హైదరాబాదు దిక్కు మనిషి. అచ్చం మా మాటే! అమ్మగారికి ఆ వేళ ఆ మాటకు నవ్వు రాలేదు, గమనించాను.

"అబ్బే, లేదండీ. వంట అయిపోయింది. ఇప్పుడు మా అమెరికా పొయ్యి తనను తాను కడుక్కుంటోందండీ!" అంది ఆ మహాతల్లి, రెప్ప కూడా వెయ్యకుండా.

ఆయన తలకాయ కూర రెండుసార్లు వేయించుకున్నారు. బోటి గిన్నెను రొట్టెతో తుడిచారు. "మా అమ్మ పోయినంక గీ రుచి మళ్ల సూడలే," అని కళ్లు తుడుచుకున్నారు. పోతూ పోతూ వంటింట్లోకి వచ్చి, చల్లారుతున్న ఆ తెల్ల పెట్టె నెత్తిన చెయ్యేసి, "శభాష్!" అన్నారు. సొమ్మొకడిది, సోకొకడిది. అత్త గుమ్మం పక్కన నిలబడి అంతా వింది.

సాయంత్రానికి తలుపు దానంతటదే వచ్చింది. లోపల వంకరపోయిన పళ్లెం, ఒక నల్లటి ఎముక, పిడికెడు బూడిద. అత్త వంగి చూసి, "ఇన్నేండ్లు గొర్లను కోసినం గని, దహనం జేసుడు ఇదే సూసుడు," అంది. నేను నవ్వాను. అత్త నవ్వలేదు. "నీకు ముందే తెలుసు కదనే?" అంది మెల్లగా. నేను తల దించుకున్నాను. అత్త మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండేది.

మా కొలువు పోలేదు. కానీ ఎలా నిలిచిందో వినండి. అత్త పెరట్లో మూడు రాళ్ల మీద వండాలి. వెనక దారిన తెచ్చి ఆ పొయ్యి అరలో పెట్టాలి. చుట్టాలొచ్చినప్పుడు అమ్మగారు తలుపు తెరిచి, పొగలు కక్కుతున్న గిన్నెను బయటికి తీస్తుంది. చప్పట్లు. అత్త ఎవరని అడిగితే, "పొయ్యి తుడిచే మనిషి" అని చెబుతుంది. ఆ గుండీని మళ్లీ ఎవరూ తిప్పలేదు. తనను తాను కడుక్కునే పొయ్యిని రెండేళ్లు మా అత్త కడిగింది.

రెండేళ్ల తర్వాత వాళ్లకు బదిలీ అయింది. పొయ్యిని బొంతల్లో చుట్టి లారీ ఎక్కించారు. అత్త, రాబోయే ఆఫీసరుకు చూపించుకోవడానికి ఒక చిట్టీ అడిగింది. ఇంజనీరు గారు ఇంగ్లీషులో రాసిచ్చారు. అత్త దాన్ని కళ్లకద్దుకుని నా చేతికిచ్చింది.

చదివాను. "ఈమె మా ఇంట్లో పొయ్యి తుడిచేది. చేతులు శుభ్రం. నమ్మకస్తురాలు."

"వంట సంగతి?" అంది అత్త.

"లేదత్తా."

"మరి వంట బాగ జేస్తదని ఎవలకు రాసిండ్రే, పొయ్యికా?" అంది. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

కొత్త ఆఫీసరు వచ్చారు. చిట్టీ చదివి, చుట్టూ చూసి, "మాకు అలాంటి పొయ్యి లేదే. తుడిచే మనిషితో ఏం పని? అర్ర ఖాళీ చెయ్యండి," అన్నారు. అత్త దండం పెట్టి వెనక్కి తిరిగింది. ఈసారి నేను నోరు మూసుకోలేదు. ఆయన చేతిలోంచి ఆ చిట్టీని లాగేసుకున్నాను. "సార్, ఒక తలకాయ తెప్పియ్యుండ్రి. తినుండ్రి. తిన్నంక కూడా ఖాళీ చెయ్యమంటె చేస్తం," అన్నాను.

తలకాయ వచ్చింది. ఆయన తిన్నారు. చెయ్యి కడుక్కుని, "ఇంత వంట ఏ పొయ్యి మీద చేశావమ్మా?" అని అడిగారు.

అత్త ఆయన్ను పెరట్లోకి తీసుకుపోయి మూడు రాళ్లను చూపించింది.

"గిదే సార్. ఇది తనంతట తాను కడుక్కోదు. రోజూ నేనే అలుకుత," అంది.