ఓయ్వా కబుర్లు చెప్పిన రోజు

కయానీ ఊరు దాటాక రైలు మంచులో ఆగింది. టికెట్లు చూసేవాడు పది నిమిషాల్లో కదులుతామన్నాడు. ఎదురు సీటావిడ, "అయితే గంట" అని ఊలు దారం బయటికి తీసింది. అలా పరిచయం. పేరు హిల్కా, ముప్పై ఏళ్లుగా బ్లడ్ క్యాన్సర్ వార్డులో నర్సు.

పాత ఓడల్లో వంటవాడు నీళ్లు మంచివే అంటే, ముందు వాడి చేతే తాగించేవారట. హిల్కా అలా తాగించి చూసే జాతి మనిషి, ఊరికే మాట నమ్మదు. కారణముంది. నొప్పి పదికి ఎంత అని అడిగితే మా ఫిన్లాండువాళ్లు కాలు విరిగినా రెండంటారు. పైగా ల్యుకేమియా మందులతో తెల్లకణాలు అడుగంటితే, కడుపులో చీము పడుతున్నా పైకి తెలియదు. మనిషీ బొంకుతాడు, ఒళ్లూ బొంకుతుంది.

కిందటేడు ఓయ్వా అనే చెట్లు కొట్టే ఆయన వార్డులో చేరాడు. మూడు వారాల్లో మూడు మాటలు మాట్లాడాడేమో. ఓ ఉదయం జావ తీసుకెళ్తే వాన గురించి, దుప్పి వేట గురించి ఆపకుండా చెప్పుకొచ్చాడట. పక్క మంచాలవాళ్లు కోలుకున్నాడని సంతోషించారు. హిల్కా మాత్రం, నోరు విప్పనివాడు వాగుతున్నాడంటే ఏదో దాస్తున్నాడని జావ గిన్నె పక్కన పెట్టేసింది.

"నొప్పెంత?"

"రెండు."

"రెండుకి ఇంత వాగుడేమిటయ్యా? లే. మునివేళ్ల మీద లేచి మడమలు నేలకి కొట్టు."

"ఈ వయసులో డాన్సు నేర్పుతావా తల్లీ?" అంటూనే కొట్టాడు. మాట సగంలో తెగింది. చెయ్యి కడుపు కుడివైపు కిందికి పోయింది.

ఇలాంటివాళ్లకు పెద్దపేగు మొదలు వాయడం మామూలే, యాంటీబయాటిక్స్ చాలు, ప్లేట్‌లెట్లు లేనివాడికి కత్తి పెడితే రక్తం ఆగదు అన్నాడు డాక్టరు. సబబైన మాటే. అయినా స్కానింగ్ రాసేదాకా హిల్కా ఆయన గుమ్మం వదల్లేదు. చూస్తే పేగు గోడ బాగానే ఉంది, అపెండిక్స్ ఉబ్బి పగలబోతోంది. యాంటీబయాటిక్స్‌తో పాటు ప్లేట్‌లెట్లు ఎక్కించి ఆ సాయంత్రమే దాన్ని కోసి తీసేశారు. కీమో మాత్రం మూడు వారాలు వాయిదా పడింది. ఆ సందులో జబ్బు తిరగబెడుతుందేమోనని ఆవిడ భయం.

ఇప్పుడెలా ఉన్నాడని అడిగాను.

"బాగున్నానని రాశాడు. అందుకే వెళ్తున్నా."

రైలు కదిలి, చాలాసేపటికి ఓ చిన్న స్టేషన్లో ఆగింది. ఉన్ని టోపీ మనిషొకడు, ఓయ్వానే కాబోలు, పెదవి విప్పకుండా నిలబడి ఉన్నాడు. హిల్కా కిటికీలోంచి అతని మొహం రంగు, నిలబడ్డ తీరు పరీక్షగా చూసింది. తర్వాత ఊలు సంచిలో కుక్కి, నా వైపు తిరగకుండానే దిగి, అతని కన్నా ఒక అడుగు వెనకగా, అతని నడకే చూస్తూ వెళ్లిపోయింది.