నేను చదవని నా అర్జీ

నేను ఇంగ్లీషు నేర్చుకున్నది నలభయ్యో ఏట. నేర్చుకున్నాక మొదట నుంచి చివరిదాకా చదివిన తొలి కాగితం, ఏడేళ్ళ కిందట నేనే సంతకం పెట్టిన అర్జీ.

అప్పట్లో నాకు బేతంచెర్ల దగ్గర బండల గని ఉండేది. పొద్దున గనిలో పని, మధ్యాహ్నం స్టేషన్లో బండలను వ్యాగన్లకెత్తించడం, సాయంత్రమైతే సభలు. సభలంటే నాకు ప్రాణం. అర్థం తెలియని మంత్రాలకు తలవంచేవాళ్ళను వేదిక మీద కడిగిపారేసేవాణ్ణి. “పురోహితుడు నిన్ను దీవిస్తున్నాడో తిడుతున్నాడో నీకేం తెలుసు?” అని అడిగితే జనం విరగబడి నవ్వేవారు. ఒకసారి కర్నూలు సభలో ఒక వకీలు లేచాడు.

“ఏమప్పా, నువ్వు చెప్పే హేతువాదమంతా ఇంగ్లీషు పుస్తకాల్లో ఉండాది. ఆ భాష నీకు రాదు. ఎవరో నమిలిపెట్టింది మింగి ఈడికొచ్చి అరుస్తాండావా?”

అదే జనం ఈసారి నన్ను చూసి నవ్వారు. వారం తిరగకుండా గురువును వెతుక్కున్నాను.

గురువు ఒక సాయిబు. స్టేషన్లో సరుకుల గుమాస్తాగా చేసి, పింఛను పుచ్చుకున్నా స్టేషన్ని వదలలేక రోజూ వచ్చి గూడ్సు షెడ్డు నీడలో కూర్చునే మనిషి. ఆయన దగ్గరున్న ఒకే ఒక ఇంగ్లీషు పుస్తకం రైల్లో సరుకులు పంపే నిబంధనల పుస్తకం. అదే నాకు పెద్దబాలశిక్ష అయింది. గనిలో పేల్చే మందుగుండు డబ్బాలు మిగతా సరుకుతో కలపకుండా ‘సెపరేట్’గా పంపాలన్న వాక్యం నేను కూడబలుక్కుని చదివిన మొదటి పూర్తి వాక్యం.

ఇంట్లో కూర్చుని చదివే తీరిక నాకెక్కడిది? జేబులో సుద్దముక్క పెట్టుకుని, ఎత్తడానికి సిద్ధంగా ఉన్న బండల మీద మాటలు రాసుకునేవాణ్ణి. కూలీలు వచ్చి బండ ఎత్తేవారు, నా పాఠం వ్యాగనెక్కి గుంతకల్లు వెళ్ళిపోయేది. “మన సామి బండలకు ముగ్గులేస్తాండాడు” అని గనిలో ఆడవాళ్ళు పకపకా నవ్వేవారు. బండల మీద ఈ పిచ్చిరాతలేమిటని కొన్నవాళ్ళ నుంచి ఒక ఉత్తరం కూడా వచ్చింది. నెల రోజుల్లో నేర్చుకున్నది ఒక్క వారం వేరే పని మీద తిరిగితే మర్చిపోయేవాణ్ణి. ఇట్లా రెండేళ్ళు గడిచాయి.

ఒకరోజు సాయిబు విసుక్కున్నాడు.

“నువ్వు ప్రతి మాటకూ ఆగిపోతాండావప్పా. అర్థం నీకు ముందే తెలిసిన కాగితం ఏదన్నా ఉంటే తీసుకరా. అర్థం తెలిసింటే కన్ను దానంతటదే పోతాది.”

నాకు వెంటనే ఆ అర్జీ గుర్తొచ్చింది. దానికంటే బాగా అర్థం తెలిసిన కాగితం నా ఇంట్లో ఇంకొకటి లేదు.

మా ఊళ్ళో మంచినీళ్ళ చేదబావి ఒక్కటే. మాలవాడ ఆడవాళ్ళు దానికి ఇరవై అడుగుల దూరంలో ఖాళీ కడవలు పెట్టుకుని, ఎవరైనా దయతలచి పోసేదాకా ఎండలో నిలబడేవారు. ఆ బావిని అందరికీ తెరవాలని తాలూకా బోర్డుకు అర్జీ పెట్టాలని మేం పదకొండుమందిమి తీర్మానించుకున్నాం. ఇంగ్లీషులో ఉంటేనే దొరలు చూస్తారని కర్నూల్లో అర్జీలు రాసే గుమాస్తా చేత రాయించాం. అతను కాగితం చేతబట్టుకుని అందులోని సంగతి తెలుగులో గడగడా చెప్పాడు. చప్పట్లు కొట్టి అందరం తెలుగులో సంతకాలు పెట్టాం. మాలో ఒకాయన కాగితం నాలుగు మూలలా పసుపు రాస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. “కాగితానికి కూడా పూజలేనా?” అని కసిరి, ఉత్తరీయంతో ఆ పసుపు తుడిచేశాను. నాలుగు మూలలూ తుడిచాను. మధ్యలో ఏముందో చూడలేదు.

కొన్ని నెలలకు బోర్డువాళ్ళు వచ్చి వాడ పక్కన కొత్తబావి తవ్వించారు. బోర్డు భయపడి మా కోరికలో సగమే ఇచ్చిందనుకున్నాను. అయినా ఆ బావి గట్టుకు నా గని బండలే ఇచ్చి, దాని పక్కనే నిలబడి ముప్పావుగంట ఉపన్యసించాను. ఆ బావిలో పడినవి ఉప్పునీళ్ళు. ఎండాకాలం వస్తే అవీ ఉండేవి కావు.

అర్జీ నకలు తెచ్చి గూడ్సు షెడ్డులో విప్పాను. మొదటి రెండు వరుసలు మర్యాదలు. మూడో వరుసలో నాకు బాగా తెలిసిన మాట కనబడింది, మందుగుండు డబ్బాల దగ్గర నేర్చుకున్న మాట. సెపరేట్. ముందుకూ వెనక్కూ వెళ్ళి నాలుగుసార్లు చదివాను. కింద సంతకాలు చేసిన పైకులాలవాళ్ళు విన్నవించుకునేదేమంటే, ఊరి బావి శుభ్రత చెడకుండా ఉండేందుకు, మాలలకు తగినంత దూరంలో వేరే బావి తవ్వించవలసింది. దాని కింద మొట్టమొదటి సంతకం నాది.

“సాయిబూ, నేను తప్పు చదివినానేమో, నువ్వొకసారి చూడు.”

ఆయన చదివి, కళ్ళద్దాలు తీసి నన్ను చూశాడు. “సరిగ్గానే చదివినావు. ఇది నువ్వు రాయించిందేనా?”

అర్జీ రాసిన గుమాస్తా చనిపోయి అప్పటికే రెండేళ్ళు. అతనికే అలా తోచిందో, మా పదకొండుమందిలో ఎవరైనా చాటుగా వెళ్ళి చెప్పి రాయించారో నాకిప్పటికీ తెలియదు. తెలిసింది ఒక్కటే. పురోహితుడి ముందు కూర్చున్న అమాయకుడికీ నాకూ తేడా లేదు. ఉన్న తేడా అల్లా, అతను ఊళ్ళు తిరిగి ఇతరుల్ని ఎగతాళి చెయ్యలేదు.

ఆ కాగితం పట్టుకుని తిన్నగా గనికి వెళ్ళాను. పదేళ్ళుగా నా దగ్గర బండ చీల్చే మాలవాడ పెద్దాయన ఉలి నూరుకుంటున్నాడు. ఆయన ముందు కూర్చుని, అర్జీని వరుస వరుసా తెలుగులో చదివాను. ఆయన ఉలి నూరడం ఆపలేదు.

“ఇదంతా మాకెరికే గదా సామీ.”

“ఎట్లా తెలుసు? మీలో ఇంగ్లీషు ఎవరికొస్తాది?”

“బాయి యాడ తవ్వినారో చూస్తిమి గదా. ఇంగ కాగితంతో ఏం పని?”

“ఏడేండ్లు నాతో ఒక్క మాటన్నా చెప్పకపోతివే!”

“ఎప్పుడు చెప్పేది సామీ? నువ్వు మాట్లాడతాంటివి గదా.”

పక్కనున్న ఇద్దరు నవ్వు ఆపుకోలేక అటు తిరిగారు. ఇంకో అర్జీ రాస్తానన్నాను. ఈసారి నా చేత్తోనే, ఇంగ్లీషులోనే రాస్తానన్నాను.

“రాయి సామీ, వద్దనం. జవాబు వచ్చేలోపల ఏం తాగాల? మా బాయి ఎండి పదైదు దినాలాయ.” ఉలి కింద పెట్టాడు. “రేపు పొద్దున మా ఆడోళ్ళు ఊరిబాయికి వస్తారు. నువ్వు గిలక కాడ నిలబడి చేంతాడు లాగుతావా?”

నా ఉపన్యాసాల్లో ఇలాంటి ప్రశ్నలు నేను వేలమందిని అడిగాను. నన్నెవరూ అడగలేదు. అన్న ముఖం, దాయాదుల ముఖాలు కళ్ళ ముందు తిరిగాయి. ఊఁ అనడానికి నాకెంతసేపు పట్టిందో చెప్పడానికి సిగ్గుగా ఉంది.

మర్నాడు వాళ్ళు పది కడవలతో వచ్చారు. పెద్దాయన భార్య ముందు నిలబడింది. పుట్టిన ఊళ్ళో నేను ఆ చేంతాడు పట్టుకోవడం అదే మొదటిసారి. మొదటి కడవ నిండేసరికే అరచేతులు మండాయి. అప్పటికి బావి చుట్టూ ఊరు చేరింది. మా అన్న ముందుకొచ్చాడు.

“ఏందిరా ఈ పని?”

“ఏడేండ్ల కిందటే ఇది కావాలని అర్జీ పెట్టినా అనుకుంటి అన్నా. మోసపోతి. అందులో వేరే బాయి కావాలని రాసినారు.”

అన్న నాకేసి విచిత్రంగా చూశాడు. “మోసమేందిరా? అది ఊరందరికీ తెలుసు. నువ్వు సభలకు పోయిన దినం మునసబు చావిట్లో అందరికీ తెలుగులో చదివి వినిపించలేదా? పైకి ఏం అరిచినా లోపల మనవాడే అని, ఆ సంతకం చూసే గదా నిన్ను ఇన్నాళ్ళూ ఓర్చుకుంటిమి!”

అంటే వాడకు తెలుసు, ఊరికీ తెలుసు. తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే. ఊరు నన్ను ఏడేళ్ళుగా ఓర్చుకున్నది నా వాదాన్ని చూసి కాదు, నా తెలివితక్కువ సంతకాన్ని చూసి. చేతుల్లో పట్టు సడలింది. గిలక కిర్రుమంది, తాడు జరజరా కిందికి జారింది.

“తాడు వదలొద్దు సామీ,” అంది పెద్దాయన భార్య, నిండిన కడవ చంకకెత్తుకుంటూ. “ఇంగా తొమ్మిది కడవలుండాయి.”