నోరెట్లుందని అడిగే ఇల్లు

ఆదివారం ఉదయం అమ్మ పళ్ళెంలో ఇడ్లీ ఒక అంచు మాత్రమే కొరికి ఉంది. బుధవారం ఆమెకు మూడో కీమో. వెళ్ళనని చెప్పి అప్పటికి నాలుగు రోజులు. కారణం చెప్పదు. ఎలా ఉన్నావంటే "బాగానే ఉన్నానుగా" అంటుంది. క్యాన్సర్ నుంచి కోలుకున్నవాళ్ళు, వాళ్ళను చూసుకునేవాళ్ళు నెలకోసారి కర్మన్‌ఘాట్ వైపు ఒక ఇంట్లో కలుస్తారని ఒక నర్సు చిరునామా రాసిచ్చింది. కొత్తవాళ్ళతో మాట్లాడటం నాకు కష్టం. అయినా బయలుదేరాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో పదింబావుకి మెట్రో ఎక్కాను. మూడో స్టేషనే ఎల్‌బీ నగర్. పది నిమిషాలు పట్టదు, టికెట్టు ముప్పై రూపాయల లోపే. కిందికి దిగి ఆటో అతనికి కాగితం చూపిస్తే సగం చదివి, "యాదమ్మ ఇంటికేనా? నెత్తికి రుమాలు కట్టుకున్నోళ్లంత గాడికే పోతరు. కూసో మేడం, ఎనభై ఇయ్యి" అన్నాడు.

యాదమ్మ గారిది పోచంపల్లి చేనేత కుటుంబం. కింద చీరల కొట్టు, మేడమీద హాలు. ఆమె చికిత్స ముగిసి నాలుగేళ్ళయింది. పదకొండింటికి హాల్లో పది పన్నెండు మంది చాపల మీద కూర్చుని ఉన్నారు. నేను గోడ వారగా చేరాను. కాసేపటికి ఒకటి గమనించాను. ఇక్కడ ఎవరూ "ఎలా ఉన్నారు" అనడం లేదు. "నోరెట్లుంది?" అని పలకరించుకుంటున్నారు. భార్యకు తోడుగా వచ్చిన భీమవరం పెద్దాయన నా ముఖం చూసి నవ్వారు.

"'ఎలా ఉన్నారు'కి మేం ఎప్పుడో సెలవిచ్చేశామమ్మా. దానికి అందరిదీ ఒకటే అబద్ధం కదా!"

యాదమ్మ గారు వచ్చి నా పక్కన కూర్చున్నారు. అమ్మ సంగతి రెండు వాక్యాల్లో చెప్పాను. "ఫోన్ కలుపు బిడ్డా" అన్నారు. స్పీకర్ పెట్టాను.

"అక్కా, నేను యాదమ్మను. నీ బిడ్డ మా ఇంట్ల ఉంది. నోరెట్లుంది?"

"నా నోరా? దాని సంగతి మా ఆయన్నడగండి" అంది అమ్మ. హాలంతా నవ్వింది. ఆ నవ్వులు ఆగాక అమ్మే మళ్ళీ మాట్లాడింది.

"ఇనప మేకు చప్పరిస్తున్నట్టుందండీ. మంచినీళ్ళు కూడా సయించట్లేదు. ఈ పిల్ల నాలుగింటికి లేచి వండుతుంది. తినలేకపోతున్నానని దానికెలా చెప్పను? ఇంకో కీమో అయితే ఆ ముద్ద కూడా దిగదు."

"గీ మాట డాక్టర్‌కు చెప్పినవా? చెప్పలే కదా. చెప్పాలె. స్టీలు చెంచా పక్కన పెట్టు, ప్లాస్టిక్‌ది వాడు. సల్లగైనంకనే తిను. బుధవారం నేనొస్త, పక్కన కూసుంట. నీ బిడ్డ వంటకు ఇద్దరం కల్సి వంకలు పెడదాం."

"చూద్దాంలెండి" అంది అమ్మ. ఆమె గొంతులో నవ్వు విని చాలా రోజులైంది.

జబ్బుల గురించి నేను చాలానే చదివాను. నోటి గురించి అడగాలని మాత్రం తట్టలేదు. అది అనుభవించినవాళ్ళకే తెలిసిన ప్రశ్న. దాన్ని వాళ్ళు దాచుకోలేదు, ముక్కూ మొహం తెలియని మా అమ్మకు ఫోన్ కలిపించి అడిగారు. మీరూ వెళ్తే సెంటు రాసుకోకుండా, పూలు పెట్టుకోకుండా వెళ్ళండి. ఆ వాసనలకు కొందరికి కడుపులో తిప్పుతుంది.

బుధవారం అమ్మ కీమోకి వెళ్ళింది. యాదమ్మ గారు సాయంత్రం దాకా పక్కనే ఉన్నారు. జబ్బు తిరగబెట్టిందేమో చూసే స్కాన్ ఆ రోజే ఆమెకు ఉందట. గురువారానికి మార్చుకున్నారు.