చెరుకాకు ముడికి భయపడిన ఊరు

నిజామాబాద్ బస్టాండు దగ్గర చెరుకురసం బండి అతను పొద్దున్నే గడలు దించుకుని, కొసలకు మిగిలిన పచ్చి ఆకును కొడవలితో కొట్టి పక్కన కుప్ప పోస్తాడు. ఎండ ఎక్కేలోపు ఆ ఆకు వాడిపోతుంది. వాడుతున్న చెరుకాకు వాసనలో తీపి ఉండదు. పసరు, వగరు, మంచుకు తడిసిన ఎద్దు వీపు దగ్గర వచ్చే వెచ్చని వాసన, అన్నీ కలిసి ఉంటాయి. కూరగాయల సంచితో అటు పోతే కాసేపు నిలబడకుండా కదలలేను. రసానికే ఆగాననుకుని అతను గ్లాసు కడుగుతాడు. షుగరుంది తాగనని చెబితే, "మరి ఎందుకు నిలబడ్డవమ్మా?" అంటాడు నవ్వుతూ. ఏమని చెప్పను? ఆ వాసన వస్తే మా ఊరి చలికాలం గుర్తుకొస్తుంది, ఆ వెంటనే ఒక చలికాలంలో మా ఊరిని పట్టుకున్న భయమూ గుర్తుకొస్తుంది.

మోస్రాకు ఆవల, నిజాంసాగర్ కాలువ కింద మా ఊరు. కాలువ మొదట్లో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల చెరుకు, నడుమ మావంటి వాళ్ల చెరుకూ పసుపూ, చివర నీళ్లు అందీ అందక గొంతెండిపోయే చిన్న రైతుల జొన్న. పుష్యమాసం వస్తే తెల్లవారి మంచులో చెరుకు తోటలు కనబడేవి కావు, ఆకుల మీద నుంచి నీటిబొట్లు రాలే చప్పుడు మాత్రం వినబడేది. బోధన్ ఫ్యాక్టరీ కూత గాలి మళ్లినప్పుడు మా ఊరిదాకా వచ్చేది. అవ్వ (మా దిక్కు అమ్మను అట్లాగే పిలుస్తాం) ఆ కూతకే లేచి పొయ్యి రాజేసేది. పచ్చి కందికాయలు ఉడకబెట్టి చాటలో పోస్తే, నేనూ మా అన్నా పొగలు కక్కుతున్న కాయలను ఊదుకుంటూ ఒలుచుకుని తినేవాళ్లం. జొన్నరొట్టె మీద పల్లి చట్నీ, మధ్యాహ్నం పచ్చిపులుసు, సాయంత్రం కొత్త బెల్లం ముక్క. ఆ రోజుల్లో చలి కూడా తినే వస్తువులాగే ఉండేది మాకు.

ఆ చలిలోనే నాందేడ్ వైపు నుంచి చెరుకు కొట్టేవాళ్లు వచ్చేవాళ్లు. ఎడ్లబండ్ల మీద వంట సట్టెలు, కోళ్లు, పసిపిల్లలు, గొంగళ్లు. సాగు లేక పడావుపడ్డ మా చేనులో చెరుకాకుతోనే గుడిసెలు వేసుకునేవాళ్లు. వాళ్ల ముకద్దం, అంటే మేస్త్రీ, నామ్‌దేవ్. గులాబీ రంగు పగిడీ చుట్టుకుని, గడలను చూసి ఎకరానికి ఎన్ని బండ్లు వస్తాయో చెప్పే మనిషి. అతని భార్య గంగాబాయి గోచీచీర కట్టి, కొయ్త పట్టి గడను మొదలంటా ఒక్క వేటుకు కొట్టేది. కొయ్త అంటే వాళ్ల కొడవలి, మన కొడవలి కంటే బరువైనది. వాళ్లకు నడక ఇంకా కుదరని కొడుకు ఉండేవాడు, విఠూ. గట్టున గొంగడి పరిచి వాడిని కూర్చోబెడితే, చెరుకు పిప్పి నములుతూ వచ్చేపోయే వాళ్లందరికీ చేయి ఊపేవాడు.

వాళ్ల పనిలో ఒక పద్ధతి ఉండేది. రేపు ఎవరి చెరుకు కొట్టాలో ఫ్యాక్టరీ మనిషి వచ్చి చెబితే, నామ్‌దేవ్ సాయంత్రం పచ్చి చెరుకాకును మూడు పేటలుగా మెలిపెట్టి ముడి వేసి ఆ రైతు ఇంటి గుమ్మానికి కట్టిపోయేవాడు. రేపు నీ వంతు అని దానర్థం. ముడి కనబడగానే రైతు బండ్లు సిద్ధం చేసుకోవాలి, ఆడవాళ్లు కొట్టేవాళ్ల కోసం గుడాలు ఉడికించడానికి శనగలు నానబెట్టాలి. మరాఠీ రాని మాకు, తెలుగు అంతంత మాత్రం వచ్చిన వాళ్లకు మాటతో పని లేకుండా ఆ ముడి సరిపోయేది. సాయంత్రం పిల్లలమంతా వీధులు తిరిగి ముడి ఎవరింటికి పడిందో చూసుకునేవాళ్లం, ఎందుకంటే మర్నాడు ఆ ఇంటి గుడాల్లో మాకూ వాటా ఉండేది.

మేం బాపు అని పిలిచే మా నాన్నది పెద్ద గొంతు. పొద్దుగూకాక చావడి మీద రేడియో చుట్టూ ఊరు కూడేది. వార్తలయ్యాక అసలు సభ మొదలయ్యేది. కాలువ మొదట్లో వాళ్లు రాత్రి తూము ఎత్తారని ఒకరు, ఎత్తలేదని ఒకరు, మీ తాత హయాం నుంచీ ఇదే దొంగతనమని ఇంకొకరు. చివరి ఆయకట్టుకు నీళ్లు రావాలని బాపు వాదన. మా పొలం నడుమ ఉంది, మాకు నీళ్లకు కొదవ లేదు. అయినా ఆయనకు అది పట్టుదల. ఈసారి సర్పంచికి నిలబడతానని చావడి మీదే చెప్పేశాడు. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటరు. ఈయన నోరు ఊరికే గాని ఇంటికి పనికిరాదు" అనేది అవ్వ, లోపల మురుస్తూనే.

నేను ఐదో తరగతిలో ఉన్న ఏడు భయం వచ్చింది. మొదట మాటగా వచ్చింది. అడవి దిక్కు ఊళ్లలో నక్సలైట్లు తిరుగుతున్నారట, ఫలానా చోట ఒక పట్వారిని ఇంట్లోంచి లాక్కుపోయారట, ముందుగా ఇంటికి గుర్తు పెట్టి పోతారట. ఎవరూ చూసింది లేదు. నిజాం కాలపు చివరి రోజులు చూసిన ముసలివాళ్లు మాత్రం, ఆనాడు కూడా ముందు ఇట్లాంటి మాటలే వచ్చాయని గుర్తుచేసి ఉన్న భయానికి ఇంకొంత చేర్చారు. తరవాత భయం ఇనుముగా వచ్చింది. తలుపుకు గొళ్లెం కూడా సరిగా లేని ఊళ్లో అందరికీ లోపలి గడియలు కావలసి వచ్చి, తలుపులు చేసే వడ్లాయనకు, కమ్మరికి చేతినిండా పని దొరికింది. దెగ్లూర్ వైపు నుంచి ఏటా వచ్చే భాగవతం ఆటవాళ్లను పొలిమేరలోనే ఆపి పంపేశారు. పీర్ల ఊరేగింపుకు ఠాణాలో పర్మిషన్ అడగాలన్నారు. చావడి మీద మాట్లాడుతున్న మనిషి, కొత్త ముఖం కనబడితే మాట మార్చి ఎద్దుల ధర ఎత్తుకునేవాడు. అన్నిటికంటే ఎక్కువ భయపడింది మా పట్వారి. చెడ్డవాడు కాదు, చావడి మీద పేపరు పైకి చదివి వినిపించేది ఆయనే. ఆ వార్తలు ముందుగా చదివేది తానే కాబట్టి, ముందుగా వణికిందీ తానే.

ఆ ఏడు విఠూకు తట్టు పోసింది. వేపాకు మీద పడుకోబెట్టినా ఒళ్లు కాలిపోతూ, వాడు చేయి ఊపడం మానేశాడు. పట్వారి తల్లి రుక్మవ్వ తలనెరిసిన విధవ, మడీ ఆచారం గల మనిషి. ఆవిడే తల్లీబిడ్డలను తన ఇంటి అరుగు మీద ఉంచుకుని, మేకపాలు, పలచటి జావ పట్టించి వాడిని బతికించింది. గంగాబాయి ఆవిడను ఆయి, అంటే అమ్మ, అని పిలిచేది. వాడు మళ్లీ లేచి కూర్చున్న రోజు సాయంత్రం గంగాబాయి మా ఇంటికి వచ్చి అవ్వను చిటికెడు కుంకుమ అడిగింది. బిడ్డ దక్కితే, దక్కించిన వాళ్ల గుమ్మానికి కోతలోని పచ్చాకు ముడి కట్టి కుంకుమ పెట్టడం వాళ్ల మొక్కట. ఆ ఇల్లు చల్లగా ఉండాలని. అవ్వ భరిణె తెచ్చి ఆకు దొన్నెలో పోసింది. నేను పక్కనే ఉన్నాను. పొద్దున లేవగానే ఆయి చూసుకోవాలని గంగాబాయి ముఖం వెలిగిపోతూ వెళ్లింది.

తెల్లవారి వాకిలి చల్లడానికి వచ్చిన పనిమనిషి ముందుగా చూసింది. పట్వారి గుమ్మానికి చెరుకాకు ముడి, దాని మీద ఎర్రగా మరక. ఆ ఏడు పట్వారికి ఒక్క గుంట చెరుకు లేదు, ఉన్నదంతా పసుపే. తాడును చూసి పామనుకోవడం ఎక్కడైనా ఉన్నదే. కానీ ఆ ముడిని అట్లా చదవడం మా ఊరివాళ్లకే చేతనయింది, ఎందుకంటే దాని అర్థం ఊరందరికీ తెలుసు. రేపు నీ వంతు. చెరుకు లేని ఇంటికి ఆ మాట వస్తే కొట్టేది దేన్ని? పట్వారి తన తల్లిని అప్పటికప్పుడు బండి ఎక్కించి నిజామాబాద్ చుట్టాలింటికి పంపేశాడు. ఆవిడకు ఎందుకో కూడా చెప్పలేదు. మధ్యాహ్నానికి పట్వారి కబురు మీద పోలీసు జీపు వచ్చి కోతలో ఉన్న నామ్‌దేవ్‌ను ఎక్కించుకుపోయింది. గుడిసెల్లోని కొయ్తలన్నీ ఆయుధాలని గోనెలో కట్టుకుపోయారు. గంగాబాయి జీపు వెంట పరుగెత్తి, మరాఠీలో ఏదో చెబుతూ చెబుతూ కాలువ వంతెన దగ్గర కూలబడింది.

ఆ సాయంత్రం చావడి మీద రేడియో ఒక్కటే మాట్లాడింది. గంగాబాయి ఇల్లిల్లూ తిరిగి వచ్చీరాని తెలుగులో చెప్పుకుంది కాబట్టి, అప్పటికి అది మొక్కుముడి అని సగం ఊరికి తెలుసు. పట్వారికి కూడా అనుమానం తగిలే ఉంటుంది. కానీ ఠాణాకు పోయి చెప్పినవాడు నక్సలైట్ల మనిషి అయిపోతాడు. బాపు ఇంటికి వచ్చి పగిడీ వంకెకు తగిలించలేదు, చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. అవ్వకు అర్థమైంది.

"నీకెందుకు గీ లొల్లి? ఊరంత నోరు మూసుకున్నది. నువ్వొక్కనివే పోతవా?"

"ఊరంత మూసుకున్నదనే పోతున్న."

"పిల్లలున్నరు."

"గా నామ్‌దేవ్‌కు లేరా?"

మర్నాడు పొద్దున సైకిల్ మీద పోయాడు. అక్కడ ఏం జరిగిందో ఆయన తిరిగి వచ్చాక అవ్వకు ఒక్కసారే చెప్పాడు, నేను చాటలో జొన్నలు చెరుగుతూ విన్నాను. ముడి సంగతి, తట్టు సంగతి, మొక్కు సంగతి అన్నీ విడమరిచి చెప్పాడట. సబిన్‌స్పెక్టర్ అంతా వినీ, "వాళ్ల గుర్తులు నీకింత బాగా ఎట్లా తెలుసు?" అన్నాడట. "కుంకుమ మా ఇంట్లదే సాబ్, మా ఆమెనే ఇచ్చింది" అన్నాడట బాపు, అదే సాక్ష్యమనుకుని. "అయితే రంగు ఇచ్చింది నువ్వేనన్న మాట. సర్పంచికి నిలబడుతున్నావట కదా, ఓట్లు వేసేది కాలువ చివరివాళ్లా, అడవిలోవాళ్లా?" ఆ మాట తరవాత ఏం జరిగిందో మాత్రం బాపు చెప్పలేదు. నాలుగైదు రోజులు ఇంటికి రాలేదు. అవ్వ ఆ రోజుల్లో పొయ్యి వెలిగించింది గానీ తాను తిన్నది లేదు. పలకరించడానికి ఒక్క ఇంటివాళ్లు కూడా రాలేదు, మా గుడాలు తిన్నవాళ్లే మా వాకిలి ముందు తలవంచుకుని పోయారు. నాకు ఊరి మీద అప్పుడు పుట్టిన కోపం ఇప్పటికీ పోలేదు, పోవాలని నేను కోరుకోనూ లేదు.

బాపూ, నామ్‌దేవూ ఒకే రోజు వచ్చారు. బాపు సైకిల్ లేకుండా నడిచే వచ్చాడు. నామ్‌దేవ్ కుడిచేయి మణికట్టు దగ్గర ఉబ్బి, వేళ్లు ముడుచుకోవడం లేదు. ఆ చేత్తో ఇక కొయ్త పట్టలేడని చూడగానే తెలిసిపోయింది. కోత సగంలో ఉండగానే గుడిసెలు విప్పి బండ్లు కట్టారు. పోతూ పోతూ మా ఇంటి ముందు బండి ఆపి, నామ్‌దేవ్ ఎడమచేత్తో బాపు కాళ్లు ముట్టబోతే బాపు వెనక్కి జరిగాడు. బండి కదిలాక విఠూ అలవాటుగా మాకు చేయి ఊపాడు.

శివరాత్రి పోయాక రుక్మవ్వ తిరిగి వచ్చింది. సంగతి తెలిసిన రోజున, ఎన్నడూ వీధి గడప దిగని ఆ మనిషి చావడిదాకా నడిచి వచ్చి, మగవాళ్లందరి ముందు కొడుకును నిలదీసింది. "ఇల్లు సల్లగుండాలని కట్టిన ముడిరా గది. నీ భయానికి గా పిలగాని తండ్రి చెయ్యి పోయింది. నన్నొక్క మాట అడిగితే నీ నోరు పడిపోవునా?" పట్వారి తలెత్తలేదు. ఆవిడ అక్కడ ఉన్న ఒక్కొక్కరి ముఖమూ చూసింది.

బాపు నామినేషన్ వేయలేదు. ఇట్లాంటి రోజుల్లో పోలీసులతో మంచిగా ఉండే మనిషి కావాలని పాత సర్పంచినే ఏకగ్రీవం చేసుకున్నారు. చప్పట్లు కూడా కొట్టారు. మరుసటి ఏడు వచ్చిన ముకద్దం ముడులు కట్టలేదు, వీధి మొదట్లో నిలబడి రెండు చేతులూ కనబడేటట్టు పైకెత్తి రైతు పేరు కేకేసేవాడు. చావడి రేడియో కొన్నాళ్లకు పాడైతే బాగుచేయించినవాళ్లు లేరు. బాపు మాత్రం పొద్దుగూకగానే ఇంటికి వచ్చి అరుగు మూలన కూర్చునేవాడు. తూము సంగతి ఎవరన్నా ఎత్తితే, చుట్ట ముట్టించుకుని మనకెందుకని ఊరుకునేవాడు. ఆ మనకెందుకు అనే మాట ఆయన నోట విన్నప్పుడల్లా అవ్వ లేచి లోపలికి పోయేది.

మొన్న ఊరికి పోతే మా అన్న కొడుకు నన్ను మోటారు బండి మీద ఎక్కించుకుని తిప్పాడు. కోతకు ఎవరూ రావడం లేదు, ఫ్యాక్టరీ కూత లేదు, చెరుకు పోయి వరి వచ్చింది. చావడి ఉన్నచోట పంచాయతీ వాళ్ల గది, దానికి తాళం. చుట్టూ నాలుగు కరెంటు స్తంభాలకూ కెమెరాలు. ఊరి మొదట్లో ఏకగ్రీవ పంచాయతీ అని రంగులతో రాసిన బోర్డు. "సూడు అత్తా, మన ఊర్ల ఒక్క లొల్లి లేదు. ఒక్కడు నోరెత్తడు" అన్నాడు గర్వంగా.

కాలువ గట్టు మీద బండి ఆపమన్నాను. మొదటి తూము నిండా నీళ్లున్నాయి. చివరికి పోయేకొద్దీ కాలువలో తుమ్మ మొలిచి ఉంది.

"చివరిదాకా నీళ్లు ఇప్పుడన్నా వస్తున్నయారా?"

"యాడికెళ్లి వస్తయ్ అత్తా? ఎవలు అడుగుతరు?"

అడిగిన మనిషి ఒకడు ఉండేవాడని వాడికి చెబుదామనుకున్నాను. వాడు నమ్మడు. వాడు చూసిన తాత అరుగు మూలన చుట్ట కాల్చుకుంటూ, ఎవరేమన్నా నోరు విప్పని ముసలాయన.