గొర్రెల దొర భవంతిలో లక్ష్మమ్మ ఆంటీ

1990 ఏప్రిల్‌లో ఒక శనివారం, మెల్‌బోర్న్ శివార్లలోని వెర్రిబీలో మా పక్కింటి లక్ష్మమ్మ ఆంటీ గైడుగా మొదటిసారి ఒక్కరే ఒక పాత భవంతిని జనానికి తిప్పి చూపిస్తున్నారని తెలిసి నేనూ బయలుదేరాను. ఆంటీ పుట్టింది ఫిజీలో, చెరకు కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్ల ఇంట్లో. అక్కడి సైనిక తిరుగుబాటు తర్వాత ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు.

ఉదయం 8.10కి రైలెక్కి, మెల్‌బోర్న్‌లో దిగి దూరపు ఊళ్లకు వెళ్లే రైలు మారాం. ఆంటీ నాకు పులిహోర పెట్టి, తాను మాత్రం కాగితాలే చూసుకుంటూ కూర్చున్నారు.

"నా ఇంగ్లీష్ వాళ్లకి అర్థమవుతుందంటావా బాబూ?"

"నాకంటే బాగా మాట్లాడతారు ఆంటీ."

స్టేషన్ నుంచి బస్సులో ఇరవై నిమిషాలు. పదకొండుకి గేటు దగ్గర దిగాం. టికెట్టు నాలుగు డాలర్లు.

ఇంగ్లండు జమీందారీ భవనాల పద్ధతిలో నల్లరాతితో కట్టిన రెండంతస్తుల ఇల్లది. పన్నెండుమందిమి ఆంటీ చెప్పే కథ వింటూ వెంట నడిచాం. గొర్రెల మందలతో సంపన్నుడైన ఒక దొర కట్టించాడు. కొడుకు ముందు భూములు, తర్వాత ఇల్లు అమ్మేశాడు. కొన్న ఉన్ని వ్యాపారి చనిపోతే, అతని భార్య అందులో ఆడపిల్లల బడి పెట్టింది. ఆ తర్వాత క్రైస్తవ సన్యాసినులు, ఇప్పుడు ఊరి కౌన్సిల్.

మెట్ల దగ్గర ఒకాయన అడ్డుపడ్డాడు. "మీరు ఈ దేశంవారు కాదుగా, ఇదంతా మీకెలా తెలుసు?"

ఆంటీ తొణకలేదు. "చదివి తెలుసుకున్నాను సర్. ఈ ఇంటి మొదటి ఓనర్ కూడా ఓడలో వచ్చినవాడే."

వంటగదిలో ఆవిడ ఆగారు. "మా తాత దొరల తోటలో కూలీ. అందుకే ఓనర్ల పేర్లతో ఆపబుద్ధి కాదు. ఇక్కడ గిన్నెలు తోమినవాళ్ల పేర్లు ఎంత వెతికినా దొరకలేదు."

వెనక నిలబడ్డ ముసలావిడ మెల్లగా చేయెత్తింది. "మా అమ్మ తోమింది. పేరు నెల్లీ. దొర కొడుకు కాలంలో, పద్నాలుగేళ్లప్పుడు చేరింది."

ఆంటీ పెన్ను తీసి, స్పెల్లింగ్ అడిగి మరీ రాసుకున్నారు. రెండు గంటలకు వచ్చిన కొత్త బృందానికి యజమానులందరి గురించీ చెప్పి, "ఈ పొయ్యి దగ్గర నెల్లీ పనిచేసింది" అన్నారు. ఆ ముసలావిడ ఇంటికి వెళ్లకుండా మళ్లీ వచ్చి, ముందు వరసలో నిటారుగా నిలబడి విన్నది.

తిరుగు రైలు 4.25కి. ఈ దేశంలో పెద్ద ఇళ్లు కొన్ని చూశాను గానీ, చూపించినవాళ్లని చూసి గర్వపడింది అక్కడే. ఎదుటి సీటులోని ఒకావిడ ఆంటీ చొక్కాకున్న భవంతి బ్యాడ్జి చూసి, "ఆ పెద్ద ఇల్లు మీదా?" అని సరదాగా అడిగింది.

"శనివారాలు నాదే" అన్నారు ఆంటీ.