ఏడు మలుపుల దగ్గర మా బావగారు

మా బావగారు పోయారు. ఒక శుక్రవారం పొద్దున, దోహా పక్కన అల్ వుకైర్‌లోని వాళ్ళ ఇంట్లో, సైకిల్ బూట్లు వేసుకుంటూ కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయారు. ఒక బూటు కాలికి ఉంది, రెండోది చేతిలో ఉంది. నేను అప్పటికే వాళ్ళ వీధి చివర రౌండెబౌట్ దగ్గర సైకిల్ మీద కూర్చుని, ఒక కాలు నేలకి ఆనించి ఆయన కోసం చూస్తున్నాను. ఫోన్ మోగితే ఆయనే అనుకున్నాను. అక్క.

"తమ్ముడూ, మీ బావ పలకట్లేదురా. నువ్వు రా. తొందరగా రా."

ఆ వీధిలో అంత వేగంగా నేనెప్పుడూ తొక్కలేదు. సైకిల్ వాళ్ళ గోడకి ఆనించి మెట్లెక్కాను. ఆ తరువాత చాలా రోజులు దాన్ని ముట్టుకోలేదు. ఆసుపత్రిలో డాక్టరు గుండె అన్నాడు. ఆయన్ని ఊరికి పంపే కాగితాలు, అక్కతోపాటు వెళ్ళి మట్టి చేసి రావడం, అన్నీ అయ్యాయి. సైకిల్ మాత్రం ఆ గోడకే ఉండిపోయింది.

నేను అబూ హమూర్‌లో ఒక కూరగాయల టోకు కొట్లో లెక్కలు రాస్తాను. బడి మధ్యలోనే ఆగిపోయింది. లెక్కలూ ఇంగ్లీషూ పక్కవాళ్ళని చూసి నేర్చుకున్నవే. ఏ రోజు లెక్క ఆ రోజు రాయకపోతే నాకు తోచదు కానీ, మనిషి గురించి రాయడం ఇదే మొదలు. చర్చిలో ఆయన గురించి నాలుగు మాటలు చెప్పమంటే లేచి నిలబడి ఏమీ చెప్పలేక కూర్చున్నాను. ఆ మాటలు ఇప్పుడు మీకు చెప్పుకుంటున్నాను.

దాచడం దేనికి, ఆయన పోయాక నాకు ఏడుపు కన్నా భయం ఎక్కువగా వచ్చింది. కొట్లో మెట్లెక్కుతూ మధ్యలో ఆగి ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని వినేవాణ్ణి. నాకన్నా గట్టి మనిషి, ఎదురుగాలిలో నన్ను తన వెనక దాచుకుని తీసుకెళ్ళిన మనిషి, బూటు వేసుకుంటూ వెళ్ళిపోతే నేనెంత?

ఆయన వెస్ట్ బేలో ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. పగలంతా అద్దాల మేడలో కూర్చుని గీతలు గీసేవారు. చక్కెర వ్యాధి వచ్చిందని తెలిశాక సైకిల్ కొన్నారు. ఒక్కడే తొక్కడం తోచక నాకూ ఒకటి పాతది చూసిపెట్టారు. శుక్రవారం మా సెలవు రోజు, మా ఆరాధన రోజు కూడా. తెల్లవారుతుండగా బయలుదేరి, ఎండ ముదరకముందే తిరిగొచ్చి, స్నానం చేసి చర్చికి వెళ్ళేవాళ్ళం. ఎక్కే ముందు హ్యాండిల్ మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుని ఒక్క నిమిషం ప్రార్థన చేసేవారు. కళ్ళు తెరిచి "యల్లా, ఎక్కు" అనేవారు, యల్లా అంటే అరబ్బీలో పద అని. ఆమెన్‌కీ ఆ మాటకీ మధ్య ఊపిరి తీసేంత ఖాళీ కూడా ఉండేది కాదు. చొక్కా వెనక జేబులో అక్క చేసిన నువ్వుండలు ఉండేవి. సైకిల్ షాపులో అమ్మే ఎనర్జీ జెల్ పొట్లాలు ఆయనకి నచ్చేవి కావు. "అవి తింటే మందు మింగినట్టుంటుందిరా" అనేవారు.

స్పెయిన్ ఆలోచన ఎక్కడ పుట్టిందో నాకు సరిగ్గా తెలియదు. ఆఫీసులో ఆయన సీటు పక్కనుండే స్పెయిన్ ఇంజినీరు తన ఊరి దారుల ఫోటోలు చూపించేవాడట. ఒకరోజు నాకు మ్యాప్ చూపించారు. మాద్రిద్ వైపు నుంచి కొండ ఎక్కి నవసెర్రాదా కనుమ దాటి అవతలికి దిగితే సెగోవియా. అక్కడినుంచి గోధుమ చేల మధ్య చిన్న రోడ్ల మీద ఆవిలా. అక్కడినుంచి బండరాళ్ళ నేల మీదుగా తోలెదో.

వాళ్ళ పక్క విల్లాలో హౌస్ డ్రైవరుగా పనిచేసే కడప ఆయన ఒకడున్నాడు. రోజూ పొద్దున పెద్ద కారు తుడుస్తూ మమ్మల్ని చూసి నవ్వేవాడు.

"ఏం సార్, స్పెయిన్ పోతాండారంట! ఆడ బస్సులు లేవా?"

"ఉన్నాయయ్యా. బస్సులో పోతే ఊళ్ళు చూస్తాం. ఊరికీ ఊరికీ మధ్య ఉన్నది చూడలేం."

"మధ్యలో ఏముంటాది సార్?"

"అదే తెలీక పోతున్నాం."

ఇక్కడ కొండలు లేవు. కొండకి బదులు మాకు గాలి ఉంది. ఉత్తరం నుంచి దుమ్ముతో గాలి కొట్టే రోజుల్లో అందరూ తలుపులు వేసుకుంటే మేము బయలుదేరేవాళ్ళం. "ఎదురుగాలే మన కొండ" అనేవారు. ముందు ఆయన, ఆయన వెనక చక్రానికి జానెడు దూరంలో నేను. అంత దగ్గరగా ఉంటే వెనకవాడికి గాలి తగలదు. "గాలి సంగతి నేను చూసుకుంటా. నువ్వు నా చక్రం వదలకు" అని రోజూ చెప్పేవారు. తిరిగివచ్చేటప్పుడు గాలి వెనకనుంచి తోసేది, కాళ్ళకి పనే ఉండేది కాదు. "ఇదే దిగుడు. దిగడానికి నేర్చుకునేదేముంది?" అనేవారు. నేనూ నమ్మాను. బల్లపరుపు నేల మీద తొక్కినవాళ్ళకి తప్ప ఇంకెవరికీ రాని ఆలోచన అది.

చివరికి సెలవు పెట్టి ఇద్దరం స్పెయిన్ వెళ్ళాం. కొండ ఎక్కడం మేమనుకున్నట్టే అయింది. మా దుమ్ము గాలి కన్నా ఆ కొండ నయమనిపించింది. పైన కనుమ దగ్గర కాఫీ తాగాం. కొట్లో ఒక ముసలాయన మా చొక్కాలు చూసి, పాత పేపరు రెండు ముక్కలు చేసి ఇచ్చి, చొక్కా లోపల ఛాతీకి అడ్డంగా పెట్టుకోమని సైగ చేశాడు. దిగేటప్పుడు చలి కొడుతుందట. తరువాత చేత్తో గాలిలో పాములా వంకరలు గీసి, వేళ్ళు ఏడు చూపించాడు. కింద ఏడు మలుపులున్నాయన్నమాట. బావగారు నవ్వి దండం పెట్టారు.

ఆ అడవి నాకిప్పటికీ కళ్ళలో ఉంది. పైన్ చెట్ల కాండాలు పైకి వెళ్ళేకొద్దీ నారింజ రంగుకి తిరుగుతాయి. జిగురు వాసన. రోడ్డు మీద నీడ, నీడ కింద తడి. చక్రం నాలుగు చుట్లు తిరిగేసరికే సైకిల్ నా చేతిలో లేదని తెలిసింది. వెనకగాలిలో మనం తొక్కడం ఆపితే సైకిల్ మెల్లగా ఆగుతుంది. ఈ కొండ ఆగనివ్వదు. చెవుల్లో హోరు. ఏం చెయ్యాలో తెలియక నాకు తెలిసిన ఒక్క పనే చేశాను. ఆయన చక్రానికి జానెడు దూరంలోకి వెళ్ళిపోయాను.

మొదటి మలుపులో ఆయన బ్రేకు వేశారు. నా ముందు చక్రం ఆయన వెనక చక్రాన్ని రాసుకుంది. చిన్న చప్పుడు. ఇద్దరం ఊగిపోయాం. రోడ్డు అంచు దాటితే కింద చెట్ల చిటారు కొమ్మలు కనిపిస్తున్నాయి. నా సైకిల్ అంచులో ఉన్న చిన్న రాతిగోడని తాకి ఆగింది. ఆయనది రోడ్డు మధ్యలో అడ్డంగా ఆగింది. ఆ క్షణంలో ఏ కారూ రాలేదు.

"అంత దగ్గరకి ఎందుకొచ్చావురా?" అని అరిచారు. ఆయన అరవగా వినడం అదే మొదటిసారి.

"చక్రం వదలొద్దని మీరేగా చెప్పింది!"

"అది దోహాలోరా!"

గోడ మీద కూర్చున్నాం. నువ్వుండల డబ్బా మూత తియ్యబోయి ఆయన రెండుసార్లు తప్పు వైపు తిప్పారు. నేను తీసుకుని తీశాను. మొదట నేనూ తప్పు వైపే తిప్పాను.

"మీకు భయమేస్తుందనుకోలేదు" అన్నాను.

"ఎందుకనుకోలేదు?"

"ఎప్పుడూ మీ వీపే కదా నాకు కనిపించేది."

నోట్లో ఉండతో నవ్వారు. "ముందున్నవాడికి అదొక్కటే సుఖం. మొహం ఎవరికీ కనబడదు" అన్నారు.

నడిచి దిగుదామన్నాను. ఒప్పుకున్నారు, కానీ ఆ ఒక్క మలుపు వరకే. ఆ బూట్ల అడుగున ఉండే బిళ్ళలు రోడ్డుకి తగిలి టకటకమని చప్పుడు. "రెండు మేకలు సంతకి పోతున్నట్టుందిరా" అన్నారు. మలుపు దాటాక నన్ను ముందు నిలబెట్టారు.

"నువ్వు ముందు పో. నీ ముందు ఎవరూ ఉండకూడదు. మలుపులో బ్రేకు వెయ్యకు, మలుపు రాకముందే వెయ్యి. కళ్ళు రోడ్డు అయిపోయే చోట పెట్టు. నేను వెనక దూరంగా వస్తా."

"మీరు ముందుంటే నాకు ధైర్యం, బావగారూ."

"నేను ముందుంటే నువ్వు నన్ను చూస్తావు, రోడ్డు చూడవు. ఎక్కు."

ప్రతి మలుపు దాటాక వెనకనుంచి "ఆఁ?" అని ఆయన కేక. "ఉన్నా!" అని నేను. మిగతా మలుపులు అలాగే దిగాను. ధైర్యం రాలేదు. పళ్ళు కరుచుకుని, వేళ్ళు తిమ్మిరెక్కి, భయం ఏమాత్రం తగ్గకుండానే దిగాను. కింద చదునైన నేల మీద ఆగి చూస్తే చొక్కాలో పేపరు చెమటకి తడిసి ఛాతీకి అంటుకుపోయింది.

సెగోవియాలో సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన పాతకాలపు నీటి వంతెన కింద నిలబడి ఆయన తల వెనక్కి వాల్చి చూశారు. "మన గన్నవరం అక్విడక్టుకి ముత్తాత" అన్నారు. ఆవిలా కోట గోడ చాలా దూరంనుంచే కనబడింది. గోధుమ చేల మధ్య తొక్కుతున్నంతసేపూ అది దగ్గరకి రాకుండా అలాగే నిలబడింది. చర్చి గంట గోపురాల మీద కొంగలు గూళ్ళు కట్టుకున్నాయి. కారువాళ్ళు మా వెనక ఓపిగ్గా ఆగి, బాగా పక్కకి తప్పుకుని దాటి వెళ్ళేవారు. దాటిన ప్రతి కారుకీ ఆయన చెయ్యెత్తేవారు. తోలెదో చేరేసరికి ఆ చెయ్యి మాత్రమే నల్లబడిందని అక్క తరువాత ఏడిపించింది.

ఆయన పోయాక ఊరినుంచి ఫోన్లు వచ్చాయి. "ఆ వయసులో సైకిలేంటమ్మా? కొండలెక్కడమేంటమ్మా?" అని అక్కని అడిగారు.  అక్క సామాను సర్దుకుని, ఇల్లు అప్పగించి వెళ్ళడానికి మళ్ళీ దోహా వచ్చింది. చివరి శుక్రవారం ఇంకా చీకటుండగానే నేను సాయానికి వెళ్ళాను. టాక్సీలో వెళ్ళాను.

"నీ సైకిల్ తీసుకెళ్ళు" అంది.

కడప డ్రైవరు పెట్టెలు దించుతున్నాడు. "నా బండిలో యేసుకొని పోదాం సార్. ఇంట్లో దింపేస్తా" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"వద్దు. తొక్కుకునే వెళ్తాడు" అంది అక్క.

"అక్కా, నా వల్ల కాదు. గుండె దడగా ఉంటోంది."

"దాన్ని చూడలేక నేను మాత్రం వెనక తలుపులోంచి తిరగట్లేదా?"

"మరి ఎందుకు ఎక్కమంటున్నావు?"

అక్క చేతిలోని దుప్పటి మడత పెట్టడం ఆపింది. "మీ బావని సైకిల్ చంపిందని అందరూ అంటున్నారు. నువ్వు కూడా ఎక్కడం మానేస్తే నేనూ నమ్మాల్సొస్తుంది. నేను నమ్మను. ఆయన దాని మీద ఎంత సుఖపడ్డారో నేను చూశాను. ఎక్కు. ఇంటికి చేరాక ఫోన్ చెయ్యి. దారిలో మోగినా ఎత్తకు."

టైర్లలో గాలి కొట్టి ఇచ్చింది డ్రైవరే. ఈసారి నవ్వలేదు.

వీధి దాటి పెద్ద రోడ్డెక్కాను. సూర్యుడు అప్పుడే కుడివైపు లేస్తున్నాడు. నా నీడ ఎడమవైపు, కార్లు పోయే దారి మీద పొడుగ్గా పడింది. వెనక లారీ చప్పుడు వినిపించింది. హ్యాండిల్ బిగించి పట్టుకుని రోడ్డు అయిపోయే చోటునే చూస్తున్నాను. కంటి కొసకి మాత్రం ఆ నీడ కనిపించింది. లారీ చక్రాలు నా నీడ మీదుగా వెళ్ళాయి. గాలి తోసింది, సైకిల్ ఒక్క ఊపు ఊగి నిలబడింది. లారీ దాటిపోయాక రోడ్డు మీద నీడ ఎలా ఉందో అలాగే ఉంది, కాళ్ళు ఆడిస్తూ.