ఆగకముందే హుక్కు విప్పినవాడు

సెలవు ముగించుకుని హోసూరులో బస్సెక్కి, రామేశ్వరం దగ్గర మా తీరరక్షక దళం కొత్త స్థావరంలో దిగాను. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు. మే నెల ఎండ. ఇసుక మీద హోవర్‌క్రాఫ్ట్ కూలబడి ఉంది, గాలి పోయిన రబ్బరు సంచి మీద ఇనుప గది. నడపడం నా పని. ముందు డెక్కు మీద మెషిన్‌గన్ మా గన్నర్‌ది. నాది కెలమంగలం, వాడిది బర్గూరు.

"దీనికి బ్రేకు యాడుందప్పా?" అన్నాడు మొదటి రోజే.

"లేదు."

"నీ తలకాయ! బ్రేకు లేని బండి ఉంటుందా?"

నిజంగానే లేదు. గాలి మీద తేలే బండి అది. మెల్లగా ఆపాలంటే వెనక పంకాల రెక్కలు మళ్ళించి గాలిని ముందుకు తోయాలి. చాలా దూరం జారిగానీ ఆగదు. ఉన్నపళాన ఆపాలంటే అడుగున గాలి ఆపేయాలి. బండి పొట్ట నీళ్ళను గుద్దుకుంటుంది. బెల్టు కట్టుకోనివాడి గతి ఇక చెప్పక్కర్లేదు.

గన్నర్ అంతకుముందు గ్రానైట్ లారీ క్లీనర్. లారీ ఆగకముందే దూకి చక్రం కింద రాయి పెట్టిన అలవాటు. ఇక్కడా వేగం తగ్గితే చాలు, నడుం బెల్టు హుక్కు విప్పేసేవాడు. ఎన్నిసార్లు తిట్టానో!

ఒక ఉదయం ఆరింటికి దొంగచాటుగా ఆయుధాలు తరలిస్తున్న పడవ కంటబడింది. వాళ్ళే ముందు కాల్చారు. అద్దం పగిలి మా కెప్టెన్ చెవి తెగింది. గన్నర్ తిరిగి కాల్చాడు. పడవలో ఇద్దరు కుప్పకూలారు. మూడోవాడు తుపాకీ పారేసి చేతులెత్తాడు.

"దగ్గరికి పో," అన్నాడు కెప్టెన్, మెడంతా నెత్తురు. రెక్కలు మళ్ళించాను. వేగం తగ్గుతోంది. గన్నర్ హుక్కు విప్పి, పడవకు విసరడానికి తాడు తీశాడు.

అప్పుడే పడవలోంచి ఒక జాలరి నీళ్ళలోకి దూకాడు. దారి చూపడానికి వాళ్ళు బలవంతంగా తెచ్చుకున్న మనిషని తర్వాత తెలిసింది. సరిగ్గా మా ముందు తేలాడు. పక్కకు తిప్పితే తోక వాడి మీదికే జారుతుంది.

"కట్టుకోప్పా!" మైకులో అరిచాను.

"మనిషుండాడు! ముందు ఆపప్పా!"

అడుగున గాలి ఆపేశాను. బండి నీళ్ళను గుద్దింది. నా పక్కటెముక విరిగింది. గన్నర్ ఎగిరి, తల పడవ అంచుకు కొట్టుకుని మునిగాడు. పైకి లాగేసరికి పుర్రె పగిలిపోయి ఉంది. జాలరి మా రబ్బరు అంచు పట్టుకుని దగ్గుతున్నాడు. వాడి గొంతు నులిమేయాలనిపించింది.

శవంతో కృష్ణగిరి మీదుగా బర్గూరు పోయాను. గన్నర్ తండ్రి క్వారీలో రాళ్ళు కొట్టేవాడు. నన్ను ఒక్కటే అడిగాడు.

"నీళ్ళలో పడిన ఆయప్ప బతికినాడా?"

"బతికినాడు."

"అట్లయితే నువ్వు తల యాల దించుకుంటావు? ఈడ కూసోప్పా."

ఆయన పక్కన కూర్చుని ఏడ్చాను. అన్నీ మరుగున పడ్డాయి, ఒక్కటి పోవడం లేదు. డెక్కు మీద వాడు తాడు వదిలేసి, నావైపు తిరిగి, రెండు చేతులూ ఊపుతూ ఆపమంటున్నాడు.